ముఖలింగం అని పెడితే పిల్లాడిని ఏడిపిస్తారా అత్తా?

"అత్తా, నమస్తే. మా పుట్టిల్లు బరంపురం, అత్తారిల్లు కాశీనగర్, మా ఆయన ఉద్యోగం భువనేశ్వర్లో. పెళ్ళైన ఆరేళ్ళకి మొన్ననే బాబు పుట్టాడు. మఖ నక్షత్రం మూడో పాదం అని పంతులుగారు లెక్క కట్టి 'మూ' అక్షరం వచ్చిందన్నారు. అంతే, మా మావయ్యగారు ముఖలింగం అనే పెట్టాలి అని కూర్చున్నారు, శ్రీముఖలింగం స్వామికి మొక్కుకున్నారట. నేను ఆరు నెలల నుంచి రేయాంశ్ అని అనుకుంటున్నా, నన్నెవరూ అడగలేదు. మా ఆయన ఎటూ మాట్లాడడు, పైగా ముఖేశ్ అని మార్చేద్దాంలే అంటున్నాడు. ఆయన ఫ్రెండ్స్ ఇదేం పేరు, తమిళమా అని నవ్వారట. ఈ పేరుకి అర్థం ఏంటి, ఎక్కణ్ణుంచి వచ్చింది, ఇప్పుడు ఎవరైనా పెడుతున్నారా, స్కూల్లో ఏడిపిస్తారా? ఇరవయ్యొకటో రోజుకి ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఏం చెయ్యమంటావు? ఓ కాశీనగర్ కోడలు."

అమ్మడూ, ముందు నువ్వు వేళకి తిని పడుకో, బాలింతరాలివి, ఈ పేరు గోల తొమ్మిది రోజుల్లో తేలాలని ఎక్కడా లేదు, ఎందుకు లేదో కింద చెప్తాను. ఆరేళ్ళకి బిడ్డ అన్నావు చూడు, అక్కడే నాకు సగం ఉత్తరం అర్థమైపోయింది. ఆ ఆరేళ్ళు నువ్వెన్ని మాటలు పడ్డావో నాకు తెలీదు గానీ మీ మావగారు ఎవరికీ చెప్పకుండా ముఖలింగం వెళ్ళి మొక్కుకుని వచ్చారంటే ఆ ముసలాయన కూడా ఏదో పడే ఉంటాడు. అలా అని ఆయన చేసిందంతా రైటని కాదు, ఆ సంగతికి తర్వాత వస్తా.

అర్థం అడిగావు. ముఖలింగం అంటే ముఖం ఉన్న లింగం, అంతే, ఇందులో చుట్టూ తిప్పి చెప్పేదేం లేదు. లింగం అంటే సంస్కృతంలో గుర్తు, ఆనవాలు. మామూలు లింగానికి కళ్ళూ ముక్కూ ఉండవు కదా, శివుడికి రూపం లేదని చెప్పే గుర్తు అది. దాని మీదే ముఖం చెక్కితే ముఖలింగం. ఒక్క ముఖం ఉంటే ఏకముఖ లింగం, నాలుగుంటే చతుర్ముఖ లింగం. ఖాట్మండూలో పశుపతినాథ్ గుళ్ళో నాలుగు వైపులా నాలుగు ముఖాలున్న లింగం ఇలాంటిదే. మధ్యప్రదేశ్లో విదిశ దగ్గర ఉదయగిరి గుహల్లో గుప్తుల కాలం నాటి ఏకముఖ లింగం ఉంది (మన భువనేశ్వర్ పక్కనున్న ఉదయగిరి కాదు, అది వేరు, మా వాళ్ళు ఈ రెండూ కలిపేసి ఒకసారి పెద్ద గొడవే పెట్టుకున్నారు). ఇంకా దూరం పోతే వియత్నాంలో ఒకప్పుడు చంపా అని రాజ్యం ఉండేది, అక్కడి న్యాట్రాంగ్ అనే ఊర్లో పో నగర్ గుడిలో ముఖలింగం ఉండేదని, 774లో సముద్రం మీద ఓడల్లో వచ్చినవాళ్ళు గుడి తగలబెట్టి దాన్ని పాడుచేస్తే 784లో రాజు మళ్ళీ ప్రతిష్ఠ చేయించాడని అక్కడి శాసనమే చెప్తోంది. మీ ఆయన ఫ్రెండ్స్ నవ్విన పేరు సముద్రం దాటి అంత దూరం వెళ్ళొచ్చింది, వాళ్ళకి చెప్పు.

కానీ మీ మావగారికి విదిశా తెలీదు వియత్నామూ తెలీదు, ఆయనకి తెలిసింది ఒక్కటే ముఖలింగం, మీ ఊరికి కింద వంశధార ఒడ్డునున్నది. మీ కాశీనగర్ పక్కనుంచి పారే నీళ్ళే హిరమండలం మీదుగా ఆ గుడి ముందుకి పోతాయి. ఇప్పుడది శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలం. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు అని మూడు గుళ్ళు ఉన్నాయి, మధుకేశ్వరుడిది పెద్దది, మనం ముఖలింగం స్వామి అని పిలిచేది ఆయన్నే. మధూకం అంటే ఏటనుకున్నావు, ఇప్పచెట్టు. మీ పక్కింటి ఒడియా వాళ్ళు మహుల అంటారే అదే. కథ ఊరికో రకంగా చెప్తారు, మా అమ్మమ్మ చెప్పింది ఇది. ఒక సవర దొరకి ఇద్దరు పెళ్ళాలు, మధ్యలో ఒక ఇప్పచెట్టు, ఒక కొమ్మ ఈవిడ వైపు ఒక కొమ్మ ఆవిడ వైపు. ఒకావిడ వైపు రాలిన పూలు బంగారం అయిపోయేవట, రెండో ఆవిడ వైపు రాలినవి ఉత్త ఇప్పపూలేనట. ఇక రోజూ గొడవే. ఆ దొర విసిగిపోయి గొడ్డలి తీసుకుని చెట్టు మొదలు నరికేస్తే ఆ మొద్దులో శివుడి ముఖం కనబడిందట. ఆ మొద్దే లింగం అయ్యిందని, అందుకే మధుకేశ్వరుడని, ముఖం కనబడింది కాబట్టి ముఖలింగం అని. చూశావా, అక్కడ ఇంట్లో పోట్లాట మొదలై స్వామి వెలిశాడు, మీ ఇంట్లో స్వామి పేరు చెప్పి పోట్లాట మొదలైంది.

నాకు ఈ కథలో నచ్చేది ఆ సవర దొర. స్వామి కనబడింది పెద్ద పండితుడికో రాజుకో కాదు, కొండల్లో ఉండే మనిషికి, వాడి పెరట్లో చెట్టులో. ఇప్పపూలు ఎలా రాలతాయో నువ్వు చూసే ఉంటావు, ఎండలు మొదలయ్యాక తెల్లారకముందే టపటపా రాలిపోయి నేలంతా మీగడ రంగులో ఉంటాయి, ఆ మత్తు వాసన బస్సు కిటికీలోంచి కూడా తగులుద్ది. గుణుపురం వైపు ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని ఏరుతుంటారు.

ఇంకో సంగతి. ఆ గుళ్ళో ఒక పెద్ద గోలెం ఉంటుంది, చూశావో లేదో. మట్టి గోలెం, ద్వారం కన్నా పెద్దది, అసలు లోపలికి ఎలా వెళ్ళిందో తెలీనంత పెద్దది. పిల్లల కోసం మొక్కుకున్న కుమ్మరి ఒకాయన చేసి తెచ్చాడని, ద్వారం పట్టకపోతే స్వామే లోపలికి తీసేసుకున్నాడని మా పెద్దాళ్ళు చెప్పేవారు. పిల్లల్లేని వాళ్ళు అక్కడికెళ్ళి మొక్కుకోవడం మన వైపు ఎప్పట్నుంచో ఉంది. మీ మావగారు ఎక్కడ నిలబడి మొక్కుకుని ఉంటారో ఇప్పుడు ఊహించుకో.

మరి ఆ గుడి ఆంధ్రాలో ఉంటే ఒడిశాలో ఉన్న మనకెందుకు అని మీ ఆయన ఫ్రెండ్స్ అనొచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీ రెండు ముక్కలైంది, కిమిడి ఊరు ఇటొచ్చింది, ముఖలింగం అటు మద్రాసులో ఉండిపోయింది. గుడి అటు, మొక్కులు ఇటు. ఇప్పటికీ శివరాత్రి తర్వాత చక్రతీర్థ స్నానానికి వెళ్తే వంశధార ఇసకలో తెలుగు ఎంత వినబడుద్దో ఒడియా అంత వినబడుద్ది. నేను ఒకసారి వెళ్ళినప్పుడు నా పక్కన ఒక ఒడియా ముసలావిడ, గజపతి జిల్లా లోపలి ఊరు, తెలుగు ఒక్క ముక్క రాదు, తడి చీరతో చలికి వణుకుతూ "ముఖలింగొ ముఖలింగొ" అని గొణుక్కుంటూ మునిగి లేచింది, నా చెయ్యి పట్టుకునే లేచింది.

ఇంకా గట్టి పాయింటు కావాలంటే ఇది చెప్పు. ముఖలింగమే ఒకప్పటి కళింగనగరం, తూర్పు గంగరాజుల రాజధాని. అనంతవర్మ చోడగంగదేవుడికి 1078లో పట్టాభిషేకం అయ్యింది, ఆయనే తర్వాత రాజధానిని కటక్ వైపు మార్చాడు, పూరీ జగన్నాథుడి గుడి కట్టడం మొదలెట్టించింది కూడా ఆయనే. అంటే మీ భువనేశ్వర్ ఫ్రెండ్స్ రథయాత్రకి ఏ గుడి ముందు నిలబడతారో ఆ గుడి మొదలెట్టిన రాజు మీ మావగారి ముఖలింగం నుంచి వెళ్ళినవాడే. ముఖలింగమే కళింగనగరం అని అక్కడి శాసనాలు చదివి తేల్చిన మనిషి మన గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన పుట్టింది 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో, ముఖలింగం దగ్గరి ఊరే. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని దానికి డిక్షనరీ రాసిన ఆయన, మనం ఇలా మాట్లాడినట్టు రాసుకోవచ్చు అని పోట్లాడిన ఆయన. 1936లో కిమిడి ఒడిశాలో కలిసిపోతుంటే అక్కడ ఉండలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. సరేలే, నేను గిడుగు వారి గురించి మొదలెడితే ఆపను, మీ అబ్బాయి సంగతి పక్కకి పోద్ది.

తమిళమా అన్నారు కదా. వాళ్ళ తప్పేం లేదు, లింగం అని చివర్లో వినబడితే రామలింగం, మహాలింగం లాంటి తమిళ పేర్లు గుర్తొస్తాయి. ముఖం, లింగం రెండూ సంస్కృతం మాటలే, చివర ఆ 'అం' మనకీ ఉంది తమిళానికీ ఉంది. మన తెలుగులో మాత్రం తక్కువా, రామలింగం, సోమలింగం, నాగలింగం, లింగయ్య, లింగమూర్తి, ఒక్క లింగం మీదే ఎన్ని పేర్లు. కాకపోతే ముఖలింగం అనేది మిగతా వాటిలాంటిది కాదు, అది ఒక ఊరి పేరు కూడా, అందుకే ఆ ఊరి చుట్టుపక్కలే దొరుకుద్ది. మన దగ్గర దేవుడి ఊరిని బట్టి పేరు పెట్టడం పాత అలవాటు. సింహాచలం అనే పేరున్న మనిషి ఎదురైతే ఉత్తరాంధ్ర వైపు వాడని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు, యాదగిరి అంటే తెలంగాణ, కొమరయ్య అంటే కొమురవెల్లి మల్లన్న వైపు, కూర్మారావు, కూర్మయ్య అంటే శ్రీకూర్మం. అలాగే ముఖలింగం అంటే వంశధార. నేను ఒకసారి రైల్లో పక్క సీటాయన్ని పేరడిగితే ముఖలింగం అన్నాడు, మీది టెక్కలి వైపా పాతపట్నం వైపా అన్నాను, ఆయన తెల్లబోయాడు, మీకెలా తెలుసండీ అని. ఆ తర్వాత దిగేదాకా మాకు మాటలే మాటలు.

ఇప్పుడు ఎవరైనా పెడుతున్నారా అంటే, నిజం చెప్పాలి, తక్కువ. నాకు తెలిసిన ముఖలింగాలందరూ యాభై దాటినవాళ్ళే. పలకడంలో కూడా ముకలింగం, ముకలింగం అని ఒత్తు తీసేసి పిలుస్తారు వాళ్ళని. పిల్లల్లో ఈ పేరు నేనీమధ్య వినలేదు. ఎందుకు పోయిందంటే పెద్ద పరిశోధనేం అక్కర్లేదు, ఇప్పుడు అందరికీ చివర్లో 'ష్' అనో 'అంశ్' అనో ఉండాలి, రెండు ముక్కల్లో అయిపోవాలి, ఇంతకు ముందు వీధిలో ఎవరికీ ఉండకూడదు, ఫోన్లో వెతికితే మంచి అర్థం రావాలి. ఇలా ఎవరికీ లేని పేరు కావాలని వెతికి వెతికి అందరూ ఒకే పేరు దగ్గరికి వస్తున్నారు. మా వీధిలోనే ముగ్గురు అయాంశ్‌లు ఉన్నారు, సాయంత్రం ఒకావిడ కేకేస్తే ముగ్గురూ పరిగెత్తుకొస్తారు.

రేయాంశ్ మీద నాకు కోపమేం లేదు, వినడానికి బానే ఉంది. ఫోన్లో సూర్యకిరణం అని అర్థం చూపిస్తుంది కదా. కానీ తల్లీ, మన తెలుగులో రేయి అంటే రాత్రి. రేయి, అంశ, కలిపితే రాత్రి ముక్క అవుతుంది. అక్కడ సూర్యుడు, ఇక్కడ అర్ధరాత్రి. ఏ తెలుగు మాస్టారో క్లాసులో ఈ మాట అన్నాడంటే అది కూడా ఏడిపించడమే. పెట్టొద్దని కాదు, లోపం లేని పేరు ఉండదని చెప్తున్నా.

ఇక ముఖేశ్ సంగతి. మీ ఆయనకి చెప్పు, అది సర్దుబాటు కాదు, దాటవేత. హిందీలో ముకేశ్ అనే పేరులో 'ఖ' లేదు, 'క' మాత్రమే ఉంది, దానికీ ముఖానికీ చుట్టరికం లేదు, ముఖలింగానికి అసలే లేదు. అది పెడితే మావగారికి మొక్కు తీరదు, నీకు నీ పేరు దక్కదు, మధ్యలో మీ ఆయన ఒక్కడే నిద్రపోతాడు.

ఏడిపిస్తారా అని అడిగావు. ఏడిపిస్తారు. అబద్ధం చెప్పి ఏం లాభం. ముక్కులింగం అంటారు, అది ఖాయం, రెండో క్లాసు దాకా. హైదరాబాద్ పోతే లింగంపల్లి అంటారు. కొంచెం పెద్దయ్యాక ఇంకో రకం జోకులు వస్తాయి, ఏ రకమో నీకు తెలుసు. ఫారాల్లో ఇంకో తమాషా, తెలుగులోనూ ఒడియాలోనూ మగా ఆడా అని అడిగే గడి దగ్గర లింగం అనే ఉంటుంది, పేరు: ముఖలింగం, లింగం: పురుషుడు అని రాయాలి, అది చూసి క్లర్కు కూడా నవ్వుతాడు. మా తమ్ముడు కూర్మారావు. మాది శ్రీకూర్మం మొక్కు. బరంపురంలో వాడు చదివిన స్కూల్లో హాజరు పట్టీలో కుర్మా రావ్ అని రాసిపడేశారు, ఇక చూస్కో, మధ్యాహ్నం డబ్బా తెరిస్తే చాలు పరోటా కుర్మా అని పాట. వాడు ఏడ్చి ఇంటికొచ్చేవాడు. మా నాన్న స్కూలుకి వెళ్ళి గొడవ చేస్తే పట్టీలో దీర్ఘం పడలేదు గానీ వాడి పేరు మాస్టార్లందరికీ తెలిసిపోయింది, ఇంకా ఎక్కువైంది. అది ఎప్పుడు ఆగిందంటే, నాలుగో క్లాసులో ఉండగా మా తాత వాణ్ణి శ్రీకూర్మం తీసుకెళ్ళి ఆ కోనేటి పక్కన తాబేళ్ళు చూపించాడు, అవి నక్షత్రం గీతలున్న తాబేళ్ళు. వీడు తిరిగొచ్చి క్లాసులో నా పేరున్న తాబేళ్ళు ఉన్నాయి మీ పేరున్నవి ఏం ఉన్నాయిరా అని అడిగాడట. అంతే. ఇప్పుడు వాడికి నలభై దాటాయి, సంతకం కూర్మారావు అని తెలుగులో గీస్తాడు, ఒడిశాలో ఉద్యోగం చేస్తూ.

అయినా నువ్వు ఒక పెద్ద సంగతి మర్చిపోతున్నావు. నీ కొడుకు పెరిగేది ఎక్కడ? భువనేశ్వర్లో. ఆ ఊరి దేవుడి పేరేంటి? లింగరాజు. అక్కడ ప్రతి వీధిలో ఒక లింగరాజ్ ఉంటాడు, ఆఫీసర్లలో ఉంటాడు, ఆటో నడిపేవాళ్ళలో ఉంటాడు, ఎవరూ నవ్వరు. హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో అయితే నీ భయానికి కొంచెం అర్థం ఉంది గానీ, లింగం అనే మాట విని నవ్వడానికి భువనేశ్వర్ అంత తప్పు ఊరు ఇంకోటి లేదు. మీ ఆయన ఫ్రెండ్స్ నవ్వింది లింగానికి కాదులే, కొత్తగా వినబడి నవ్వారు. ముఖలింగం అంటే లింగరాజు లాంటిదే, కాకపోతే మా నది ఒడ్డున ఉంటాడు అని ఒక్క మాట చెప్తే చాలు, తర్వాత వాళ్ళే చెప్పుకుంటారు.

సరే, నన్నెవరూ అడగలేదు అని రాశావు చూడు, ఉత్తరం మొత్తంలో నేను రెండుసార్లు చదివిన లైను అది. నీకు అసలు బాధ పేరు గురించి కాదేమో అనిపిస్తోంది. ఆరేళ్ళు మందులూ ఆస్పత్రులూ తిరిగింది నువ్వు, తొమ్మిది నెలలు మోసింది నువ్వు, మొక్కు మాత్రం ఆయనది, పేరు కూడా ఆయనదే. ఇది తప్పే. మీ మావగారు మంచి మనిషే అయ్యుండొచ్చు, కానీ అమ్మా నేనిలా మొక్కుకున్నాను నీకు ఇష్టమేనా అని ఒక్క మాట అడగాల్సింది, అడిగితే నువ్వు కాదనేదానివి కూడా కాదేమో. ఈ పేరా వరకు మీ ఆయనకి చదివి వినిపించు. మావగారికి నువ్వు చెప్పక్కర్లేదు, వాళ్ళ నాన్న, వాడే చెప్పాలి. గుంటడి పేరు మీద గొడవ పెట్టుకోకుండా, కోడల్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడదాం నాన్నా అని చెప్తే చాలు. అది కూడా చెయ్యలేకపోతే ఆ ముఖేశ్ ఏదో ఆయనే పెట్టుకోమను, ఆయనకి.

ఇప్పుడు తొమ్మిది రోజుల గొడవ. ఇరవయ్యొకటో రోజు అటు బారసాల, ఒడియా వాళ్ళకి కూడా ఆ రోజే ఎకోయిశా, పైగా పుట్టుక రిజిస్టర్ చేయించడానికి గడువు కూడా సరిగ్గా 21 రోజులే. ఇవన్నీ కలిసిపోయి జనానికి పేరు కూడా అప్పుడే కాగితం మీద పడాలనే భ్రమ. అక్కర్లేదు. 21 రోజుల్లో పుట్టినట్టు రిజిస్టర్ అయితే చాలు, ఆస్పత్రిలో పుడితే వాళ్ళే పంపిస్తారు, పేరు గడి ఖాళీగా వదిలెయ్యొచ్చు. ఏడాది లోపు ఎప్పుడైనా వెళ్ళి పేరు ఎక్కించుకోవచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు, ఏడాది దాటినా పదిహేనేళ్ళ లోపు ఆలస్యం ఫీజు కట్టి ఎక్కించుకోవచ్చు. 1969 నాటి చట్టం. కానీ అంతదాకా లాగకు, 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకి స్కూల్లో చేర్చడానికైనా పాస్‌పోర్ట్‌కైనా పుట్టిన తేదీ రుజువు ఈ బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే, అందుకే అందులో పేరు ఒక్కసారి పడితే అక్షరం తప్పు లేకుండా పడాలి, తర్వాత దిద్దించుకోవడానికి తిరగలేక చస్తావు.

అందుకని నేనైతే ఇలా చేస్తా. బారసాల మామూలుగా చేసుకోండి, పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో ముఖలింగం అనే రాయించండి, చెవిలో కూడా అదే చెప్పండి, పంతులుగారు చెప్పిన అక్షరానికి సరిపోతుంది, అక్షరం 'మూ' అన్నా 'ము' తోనే పెడతారు, పర్లేదు. అది జన్మనామం. మావగారి మొక్కు ఆ రోజే తీరింది. కాగితం మీద మాత్రం ఏం రాయకండి. ఇంట్లో నువ్వు రేయూ అని పిలుచుకో, రెయ్ అని పిలుచుకో, నీ ఇష్టం. పిల్లాడికి ఐదారు నెలలొచ్చి మెడ నిలబడ్డాక మీ ముగ్గురూ, మావగారూ కలిసి ముఖలింగం వెళ్ళండి. శివరాత్రి రద్దీలో కాదు, మామూలు సోమవారం. ఆ గోలెం చూడు, ప్రాకారం చుట్టూ గోడల మీద బొమ్మలు చూడు, వంశధారలో కాళ్ళు కడుక్కో, పిల్లాడి కాళ్ళు కూడా తడుపు. ఆ తర్వాత కాగితం మీద ఏం రాయాలో నువ్వు చెప్పు. మీ ఆయనా కాదు, మావగారూ కాదు.

నా అభిప్రాయం అడిగావు కాబట్టి చెప్తున్నా, ముఖలింగం అనే రాయించు. ఎంత వెతికినా ఇంకో తల్లి పెట్టని పేరు కావాలని కదా నీకు, ఇంతకన్నా దొరకదు. అస్సలు మనసొప్పకపోతే మధుకేశ్వర్ అని రాయించు, ముద్దుగా మధుకేశ్. అదే స్వామి, పాత పేరు, అర్చనలో పంతులుగారు చదివేది కూడా అదే, మావగారు మూతి ముడుచుకున్నా కాదనలేరు. కాకపోతే రేయాంశ్ ముఖలింగం అని రెండూ కలిపి మాత్రం పెట్టొద్దు, ముందున్నది వెనకున్నదాన్ని మింగేస్తుంది, స్కూల్లో ఒక నెల అయ్యేసరికి ముఖలింగం అనేది ఇంటిపేరు అనుకుంటారు, ఆ తర్వాత మీ అసలు ఇంటిపేరు ఎక్కడ పెట్టాలో తెలీదు. ఇంటిపేరు కూడా మనం రాసినట్టు ముందు పొడి అక్షరాల్లో వద్దు, ఒడిశాలో అందరికీ చివర్లో ఉంటుంది కాబట్టి పేరు తర్వాత పూర్తిగా రాయించు.

ఇంగ్లీషులో రాసేటప్పుడు హెచ్ అనే అక్షరం ఒక్కసారే రావాలి, కె తర్వాత. జి తర్వాత ఇంకో హెచ్ పెట్టి లింఘం చేస్తారు కొందరు, ఒప్పుకోకు. ఒడియాలో ఇంకా జాగ్రత్త, మనలాగా చివర సున్న పెడితే వాళ్ళు ముఖలింగఙ్ అన్నట్టు ముక్కుతో చదువుతారు, సున్న లేకుండా ఉత్త మ రాస్తే ముఖలింగొమొ అవుతుంది. గ తర్వాత మ రాసి దాని కింద హలంత్ (మన పొల్లు లాంటి గుర్తు) పెట్టించాలి. సర్టిఫికెట్ ప్రింటు తీసే ముందు కంప్యూటర్ అబ్బాయి స్క్రీన్ నీ వైపు తిప్పుతాడు, ఓకేనా మేడం అంటాడు, వెనక లైన్లో వాళ్ళు తొందరపెడుతుంటారు, అప్పుడు కంగారుపడి తలూపెయ్యకు, పిల్లాణ్ణి మీ ఆయన చేతికిచ్చి ఆ మ కింద హలంత్ ఉందో లేదో వేలు పెట్టి చూసుకో.